అరవై ఆరు, డెబ్భై మూడు

పెద్దబాపు పోయి ఏడాదయింది. మొన్న కాజీపేటలో ఇంటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. పాస్టరుగారు కొత్తగా వచ్చినవారు, చిన్న వయసు. జేబులోంచి ఫోన్ తీసి ఇరవై మూడవ కీర్తన చదవడం మొదలుపెట్టారు. వాడుక భాషలో వచ్చిన అనువాదం అది. "నాకు కొరత ఉండదు" అని ఆయన మైకులో చదువుతుంటే వెనక వరుసలో ముసలమ్మలు అలవాటు కొద్దీ "నాకు లేమి కలుగదు" అని పైకే అంటున్నారు. "పచ్చికగల చోట్ల" దగ్గరికి వచ్చేసరికి వాళ్లదే పైచేయి అయింది. పాస్టరుగారు మంచివారు, ఆగి వాళ్లను పూర్తి చేయనిచ్చారు.

నా పక్కన కూర్చున్న చెల్లె మెల్లగా అంది: "పెద్దబాపు ఉంటే ఇప్పుడు లేచి నిలబడేటోడు అక్కా."

నిజమే. లేచి నిలబడి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "అయ్యగారూ, ఒక్కమాట" అనేవాడు. ఆ ఒక్కమాట గంటసేపు సాగేది. ఇంట్లో ఎవరికీ అది కొత్త కాదు. మా ఇంట్లో బైబిల్ గురించి వాదించుకోవడం ఆదివారం మధ్యాహ్నం భోజనమంత మామూలు సంగతి.

బాపుది రైల్వే ఉద్యోగం, లోకో షెడ్డులో. కాజీపేటలో మా క్వార్టర్ వరండాకి ఎదురుగా ఒక వేపచెట్టు, దాని కింద రెండు సిమెంటు బెంచీలు. ఆవిరి ఇంజన్ల రోజులు. తీగ మీద ఆరేసిన తెల్ల బట్టలకు సాయంత్రానికి బొగ్గు నుసి పట్టేది. అమ్మ రోజూ దాని మీద విసుక్కునేది. ఇంజను కూతను బట్టి ఏ బండి వచ్చిందో మేం పిల్లలం చెప్పేవాళ్లం.

బాపు వైపు వాళ్లు డోర్నకల్ ప్రాంతం, సీఎస్ఐ అనే ప్రొటెస్టెంట్ సంఘం. అమ్మ వైపు వాళ్లు కేథలిక్కులు, ఫాతిమానగర్. ఆ పెళ్లి ఎట్లా కుదిరిందో అదొక పెద్ద కథ, ఇంకోసారి రాస్తాను. ఆదివారం పొద్దున అమ్మ తన గుడికి, బాపు తన చర్చికి. పిల్లలం ఒక వారం అటు, ఒక వారం ఇటు. మధ్యాహ్నానికి అందరూ మా ఇంట్లోనే. బగారన్నం, మాంసం కూర. తిన్నాక పెద్దవాళ్లు ఒక కునుకు తీసి లేచేవారు. అమ్మ చాయ్ పెట్టేది. ఎవరి పుస్తకం వాళ్లు తీసేవారు.

పెద్దబాపు ఊళ్లో బడిపంతులు. ఆయనది నల్ల రెక్సిన్ అట్ట ఉన్న పాత అనువాదం, బైబిల్ సొసైటీ వాళ్లు వేసింది. అంచులకు ఎర్ర రంగు. ఎడమచేతి బొటనవేలు ఆనే చోట ఆ ఎరుపు పోయి కాగితం గోధుమరంగుకి తిరిగింది. మొదటి ఖాళీ పేజీలో మా ఇంట్లో పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, ఒక్కొక్కరిది ఒక్కో సిరాతో. నా పేరు ఆకుపచ్చ సిరాలో ఉండేది. అమ్మ తమ్ముడు, మా మామయ్య, కేథలిక్ ఉపదేశి. ఊరూరూ సైకిల్ మీద తిరిగి, ఫాదర్‌గారు రాలేని ఊళ్లలో ప్రార్థన చెప్పించి వచ్చేవాడు. అత్తమ్మ, అంటే బాపు చెల్లెలు, హనుమకొండలో మిషన్ దవాఖానలో నర్సు. బాప్టిస్టుల ఇంటికి కోడలిగా వెళ్లింది. పక్క క్వార్టర్‌లో ఒక ఆంగ్లో-ఇండియన్ పెద్దాయన, రిటైరైన గార్డు. మేం గార్డుసారు అనేవాళ్లం. ఆయన ఇంగ్లీషు బైబిల్ తోలు అట్టది, వాళ్ల తాతదట. వీళ్లందరి మధ్యలో గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని మా నాయనమ్మ.

నాయనమ్మ గురించి ముందు చెప్పాలి. ఆమె లేకపోతే మిగతా వాదాలు నాకు ఇంతగా గుర్తుండేవి కావు.

ఆమె చిన్నతనం నిజాం రాజ్యంలో గడిచింది. సర్కారు బళ్లో ఉర్దూ. అది కూడా మగపిల్లలకే, అదీ ఉన్నవాళ్లకే. మా వాడకు బడి లేదు. నాయనమ్మకు అక్షరాలు పెళ్లయ్యాకే వచ్చాయి. ఊరికి వచ్చే బైబిల్ స్త్రీ ఒకామె రాత్రిళ్లు దీపం పెట్టి చెప్పేదట. పలక లేదు, పెద్దబాల శిక్ష లేదు. నేరుగా బైబిలే. చీపురు పుల్ల ఒకటి విరిచి, దాని కొసతో ఒక్కో అక్షరం కింద జరుపుకుంటూ చదివేది. నేను చూసేనాటికి కూడా ఆ పుల్ల అలవాటు పోలేదు. వేలు పెట్టి చదివితే కోపం. "చేతికి చెమటుంటది బిడ్డా, అక్షరం కరాబైతది" అనేది.

డోర్నకల్ బిషప్ అజరయ్యగారిని ఆమె కళ్లారా చూసింది. తిరునల్వేలి వైపు నుంచి వచ్చిన తమిళుడు ఆయన. 1912లో డోర్నకల్‌కు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు. తెలుగు నేర్చుకుని ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి "నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అని చెప్పించేవారట. నాయనమ్మ మాకు ఆ మాట చేసి చూపించేది, అట్లాగే తల మీద చెయ్యి పెట్టుకుని. 1939లో ప్రతిష్ఠ చేసిన డోర్నకల్ పెద్ద గుడికి సెలవుల్లో మమ్మల్ని ప్యాసింజర్ బండిలో తీసుకుపోయేది. వరంగల్, నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్, ఆ తర్వాత డోర్నకల్. గుడిలోకి వెళ్లగానే స్తంభాలను చేత్తో తడిమేది. మన గుళ్ల పనితనం, మసీదుల పనితనం రెండూ కలిపి కట్టించారాయన. నాయనమ్మకు అదంతా అక్కర్లేదు. "మా బిషపు కట్టిచ్చిండు," అంతే.

ఆమె మాట మా ఊరి మాట. "గట్ల", "గిట్ల", "ఏడికి పోతున్నవ్". ప్రార్థనకు కూర్చుంటే మాత్రం భాష మారిపోయేది. "కృపాసత్యసంపూర్ణుడవైన తండ్రీ, నీ దాసురాలి విన్నపమును ఆలకింపుము." ఒక్క అక్షరం తడబడేది కాదు. చిన్నప్పుడు నాకు అది వింత. పెద్దయ్యాక నాకు అర్థమైన సంగతి వేరే. పొలం గట్టు మీద అందరి చేతా "ఒసే" అని పిలిపించుకున్న మనిషి ఆమె. గ్రంథాల తెలుగు పంతుళ్లది, దొరలది. ఆ తెలుగు ఆమె చేతికి ఈ ఒక్క పుస్తకంలోనే దొరికింది. దొరికిన దాన్ని కంఠతా పట్టి తనది చేసుకుంది. "పాత అనువాదం కష్టం, జనానికి అర్థం కాదు" అని ఎవరైనా అన్నప్పుడు నేను ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. కష్టంగా ఉండబట్టే నాయనమ్మ దాన్ని అంత గౌరవంగా పట్టుకుంది.

గార్డుసారుతో జరిగిన వాదం మా ఇంట్లో అన్నిటికంటే పెద్దది. అది వారాల తరబడి సాగింది.

ఒక సాయంత్రం ఆయన తన కింగ్ జేమ్స్ బైబిల్, అంటే రాజుగారి పేరున్న పాత ఇంగ్లీషు అనువాదం, తెరిచి యోహాను రాసిన మొదటి పత్రిక (ఉత్తరం) ఐదో అధ్యాయం, ఏడో వచనం చదివారు. పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురు, తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ, ఆ ముగ్గురూ ఒక్కరే అని ఉంది. "తెలుగులో సదవండి మాస్టర్" అన్నారు పెద్దబాపుతో. ఆయన తెలుగు అంతా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నేర్చుకున్న తెలుగు. పెద్దబాపు తీశాడు. ఏడో వచనంలో ఆత్మ సాక్ష్యమిస్తుందని ఉంది. ఎనిమిదిలో ఆత్మ, నీళ్లు, రక్తం. తండ్రి లేడు, వాక్యం లేదు. వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. పేజీ చిరిగిందేమోనని చూశాడు.

"ఎవడు తీసేసిండు?" అని గార్డుసారు గట్టిగా అడిగారు. మా పిల్లలకు వణుకు పుట్టింది. దేవుడి పుస్తకంలోంచి ఒక మాట మాయమైందంటే మరి!

పెద్దబాపు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత చాలా రోజులు ఎవరెవరినో అడిగాడు. వేదాంత కళాశాలలో చదివి వచ్చిన ఒక అయ్యగారి దగ్గరికి డోర్నకల్ వరకు పోయి వచ్చాడు. వచ్చాక వేపచెట్టు కింద నిలబడి, తరగతిలో పాఠం చెప్పినట్టే చెప్పాడు. ఎరాస్మస్ అనే పండితుడు గ్రీకు కొత్త నిబంధనను అచ్చు వేయించాడు, 1516లో ఒకసారి, 1519లో మరోసారి. ఆ రెండింట్లోనూ ఈ మాట లేదు. ఆయన చూసిన గ్రీకు చేతిరాతల్లో అది కనిపించలేదు. లాటిన్ బైబిళ్లలో మాత్రం ఉంది. ఎందుకు వదిలేశావని పండితులు ఆయన మీద పడ్డారు. 1522లో మూడో అచ్చులో చేర్చాడు. 1611లో వచ్చిన ఇంగ్లీషు రాజుగారి బైబిల్‌కు ఆ దారిలోనే చేరింది. తర్వాత పాత చేతిరాతలు ఇంకా చాలా దొరికాయి. వాటిని సరిచూసుకున్న ఇంగ్లీషు వాళ్లే 1881లో తమ సవరించిన కొత్త నిబంధనలో దాన్ని పక్కన పెట్టారు.

"కాబట్టి సార్," అన్నాడు పెద్దబాపు, "మేం తీసెయ్యలే. మొదట్ల లేనిదే మా దాంట్ల లేదు."

గార్డుసారు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తోలు అట్ట మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. "మా తాత ఈ మాట సదివి చచ్చిపోయిండు మాస్టర్," అన్నారు చివరికి. పెద్దబాపు దానికి జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే సరైందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. త్రిత్వం, అంటే ముగ్గురూ ఒక్క దేవుడే అన్నది, ఆ ఒక్క వచనం మీద నిలబడిన సిద్ధాంతం కాదు. మత్తయి చివరి అధ్యాయంలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురి నామమూ ఉంది. ఆ మాట పెద్దబాపు మరుసటి వారం మెల్లగా, చాయ్ తాగుతూ, గార్డుసారుకు మాత్రమే వినపడేట్టు చెప్పాడు.

మామయ్య వాదం వేరు. ఆయన పేచీ ఒక వచనంతో కాదు, ఏకంగా ఏడు పుస్తకాలతో. మా బైబిల్‌లో అరవై ఆరు, వాళ్ల లెక్కలో డెబ్భై మూడు. తోబీతు, యూదితు, జ్ఞానగ్రంథం, సీరాపుత్రుడి గ్రంథం, బారూకు, మక్కబీయులు రెండు. చిన్నపిల్లలం ఆ పేర్లు పాటలాగా వల్లించేవాళ్లం.

"యూదుల హీబ్రూ లెక్కల అవి లేవు బామ్మర్దీ."

"అపొస్తలులు చదివిన గ్రీకు బైబిల్ల ఉన్నయి బావా."

"1546ల ట్రెంట్ల మీ బిషపులు సభ పెట్టి ఖాయం చేసుకున్నరు."

"అంతకు ముందు వెయ్యేండ్ల సంది చదువుతున్నం. మీ ప్రొటెస్టెంట్ల లూథర్ వచ్చినంక పక్కకు జరిగినయి."

ఇది ప్రతి నెలా ఉండేది. ఒకరోజు మామయ్య కొత్త అస్త్రంతో వచ్చాడు. ఫాదర్‌గారి దగ్గర తెలుసుకుని వచ్చినట్టున్నాడు. గార్డుసారు వైపు తిరిగి, "సార్, మీ రాజుగారి బైబిల్ 1611ల మొదటిసారి అచ్చైనప్పుడు ఈ పుస్తకాలు దాంట్ల ఉండె, పాత నిబంధనకు కొత్త నిబంధనకు నడుమ. ఎరుకేనా?" అన్నాడు. గార్డుసారు నమ్మలేదు. పెద్దబాపు మాత్రం తల ఊపాడు. ఆయనకు ఆ సంగతి తెలుసు. లూథర్ 1534లో వేయించిన జర్మన్ బైబిల్‌లో కూడా అవి మధ్యలో విడిగా ఉన్నాయని, చదవడానికి మంచివే గాని లేఖనంతో సమానం కాదని ఆయన రాశాడని పెద్దబాపే చెప్పాడు. ఆంగ్లికన్‌ల నియమాల్లోనూ అంతే. మంచి నడతకు చదవొచ్చు, సిద్ధాంతానికి ఆధారం చేసుకోకూడదు. బ్రిటిష్ బైబిల్ సొసైటీ 1826లో ఆ పుస్తకాలున్న అచ్చుకు డబ్బు పెట్టబోమని తేల్చేసింది. ఆ సొసైటీల చేతుల మీదుగా మన దాకా వచ్చిన తెలుగు బైబిల్‌లో అవి లేకపోవడం అందుకే.

"అంటే పైసల కాడ ఆగినయన్నట్టు," అన్నాడు మామయ్య.

"పైసలొక్కటే కాదు, నమ్మకం," అన్నాడు పెద్దబాపు.

ఈ ఇద్దరిలో ఎవరు గెలిచారని అడిగితే నేను చెప్పలేను. నేను రెండు గుళ్లలో పెరిగినదాన్ని. కానీ ఒకటి గట్టిగా చెప్పగలను. ఇద్దరూ ఎదుటివాడి పుస్తకాన్ని చదివి వచ్చి వాదించేవారు. ఇప్పుడు ఫోన్లో మాటలు విసురుకునే వాళ్లలో ఆ ఓపిక నాకు కనిపించడం లేదు.

పిల్లలకూ మా స్థాయి తగువులు మాకుండేవి. "నరహత్య చేయకూడదు" ఎన్నో ఆజ్ఞ? సండే స్కూల్లో ఆరోది, అమ్మ గుడిలో ఐదోది. కేథలిక్కులు మొదటి రెంటినీ ఒకటిగా లెక్కపెట్టి, చివరి ఆశించకూడదన్న ఆజ్ఞను రెండు చేస్తారు. బంతి తగాదా వస్తే "నువ్వు ఐదో ఆజ్ఞ మీరినవ్" అంటే "అది ఆరోది" అని ఇంకో తగాదా. పరలోక ప్రార్థనలో కూడా అంతే. చర్చిలో దేవుణ్ని "నీ నామము" అంటాం. అమ్మ గుడిలో "మీ నామము" అంటారు. నాకు రాత్రి పడుకునేటప్పుడు ఏదనాలో తెలిసేది కాదు. అమ్మనడిగితే "నువ్వు బాపును ఏమని పిలుస్తవ్?" అంది. నువ్వు అనే పిలిచేదాన్ని. "మీ తాతను?" మీరు. "రెండూ ప్రేమతోనే కదా, పండుకో" అంది. అమ్మ ఏ వాదంలోనూ కూర్చునేది కాదు. ఆమె చిన్నప్పుడు పూజంతా లాటిన్‌లోనే జరిగేదట. 1962 నుంచి 1965 దాకా రోములో జరిగిన కేథలిక్ మహాసభ తర్వాతే గుడిలో తెలుగు వినిపించింది. తెలుగులో దేవుడితో మాట్లాడనిస్తే చాలు, ఏ తెలుగైతేనేం అని ఆమె పద్ధతి.

అత్తమ్మ మాత్రం అందరికీ ఎదురు నిలబడేది. ఆమె దగ్గర వాడుక భాషలో అచ్చయిన చిన్న కొత్త నిబంధన ఉండేది, తెల్ల కోటు జేబులో పట్టేంతది. పెద్దబాపు దాన్ని చేతిలోకి కూడా తీసుకునేవాడు కాదు.

ఒకసారి నాకు జ్వరం తగ్గక ఆ దవాఖానలో ఉంచారు. ఆడవాళ్ల వార్డు. సాయంత్రం డ్యూటీ అయ్యాక అత్తమ్మ ఇంటికి పోకుండా మంచాల మధ్య స్టూలు వేసుకుని చదివేది. వినాలనుకున్నవాళ్లు వినేవాళ్లు, లేకపోతే అటు తిరిగి పడుకునేవాళ్లు. ఆ రోజు పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ. ములుగు వైపు నుంచి వచ్చిన ఒకామె నా పక్క మంచం మీద ఉంది. చేతుల నిండా గాజులు, మొహంలో నెత్తురు లేదు. అత్తమ్మ చదువుతూ "ఉన్న డబ్బంతా వైద్యులకే ఖర్చుపెట్టింది, అయినా తగ్గలేదు" అన్న చోటికి వచ్చింది. ఆమె మోచేతి మీద లేచింది.

"ఏందమ్మా, మల్లొక్కసారి సదువు."

అత్తమ్మ మళ్లీ చదివింది.

"గా ఆడిమనిషి ఏ ఊరిది? పైసలన్నీ గట్లనే పాయె. నాయి గూడ గట్లనే పాయె. మరి తర్వాతేమాయె?"

తర్వాత ఏమైందో చదివి చెప్పేసరికి వార్డులో అటు తిరిగి పడుకున్నవాళ్లు ఇటు తిరిగారు.

ఇంటికొచ్చాక అత్తమ్మ ఈ సంగతి చెప్పి, "అన్నా, పాతది సదివితే ఆమె లేచేదా?" అని అడిగింది. పెద్దబాపు వెంటనే మార్కు ఐదు తీశాడు. "ఇగో సూడు. 'ఎన్నో తిప్పలుబడి' అని పాతదాంట్లనే ఉన్నది. తిప్పలు మన మాట కాదా?" అన్నాడు. "ఉన్నది అన్నా, దాని పక్కనే 'వ్యయము చేసికొని' అని గూడ ఉన్నది. నా వార్డుల వ్యయము అంటే ఎంతమందికి ఎరుక?" అంది అత్తమ్మ. నాయనమ్మ మధ్యలో అందుకుంది: "ఎరుక లేకుంటే అడుగుతరు, చెప్పాలె. నాకు చెప్పలేదా?"

నా మాట అడిగితే, వార్డులో అత్తమ్మదే సరి. నొప్పితో ఉన్న మనిషికి నిఘంటువు చెప్పే సమయం ఉండదు. మోకాళ్ల మీద ఉన్నప్పుడు మాత్రం నా నోటికి ఇప్పటికీ పాతదే వస్తుంది. రెండూ ఇంట్లో ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. నా పిల్లలకు కీర్తనలు పాతదాంట్లో కంఠతా పెట్టించాను, బైబిల్లోని పత్రికలు, అంటే పౌలు వంటివాళ్ల ఉత్తరాలు, మాత్రం వాడుక భాషలోనే చదివించాను. పౌలు వాక్యాలు పాత అనువాదంలో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో పెద్దవాళ్లకే అందదు.

కరెంటు పోయిన రాత్రుల్లో పెద్దబాపు వాదించేవాడు కాదు, కథ చెప్పేవాడు. తెలుగు బైబిల్ ఎట్లా వచ్చిందన్న కథ. షుల్జ్ అనే జర్మన్ పాదిరి 1720ల నాటికే మద్రాసు వైపు తెలుగులోకి అనువదించడం మొదలుపెట్టాడు, అది అచ్చు కాకుండా రాతప్రతిగానే మిగిలిపోయింది. 1805లో విశాఖపట్నంలో దిగిన ఇద్దరు తెల్లవాళ్లు, క్రాన్, డెగ్రాంజెస్. ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు క్రైస్తవుడై వాళ్లతో కూర్చుని తెలుగు చెప్పాడు. 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు చనిపోయారు. వాళ్లు పూర్తి చేసిన మూడు సువార్తలు 1812లో కలకత్తా దగ్గర సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ ఏడాదే ఆ అచ్చుకూటం తగలబడింది. ఈ చోట పెద్దబాపు గొంతు తగ్గించేవాడు. సీసపు అక్షరాలు కరిగి ముద్దలయ్యాయి, అక్కడి మిషనరీ కేరీ ఏళ్ల తరబడి రాసుకున్న కాగితాలు బూడిదయ్యాయి. మళ్లీ మొదటి నుంచి పోతపోసుకున్నారు. 1818లో తెలుగు కొత్త నిబంధన, 1854లో మొత్తం బైబిల్. "ఒక్కొక్క అక్షరం ఎన్ని పానాలు తిన్నదో" అనేది నాయనమ్మ చీకట్లోంచి. మా నాయనమ్మ ఆ పుస్తకానికి వేలు తగలనిచ్చేది కాదంటే ఎందుకో ఆ రాత్రుల్లో నాకు తెలిసింది.

కొన్నాళ్లకు నాయనమ్మ కళ్లకు పొరలొచ్చాయి. పుల్ల చేతిలో ఉండేది, పేజీ తెరిచి ఉండేది. అక్షరం మాత్రం కనపడదు. కంఠతా వచ్చింది చెబుతూ పుల్ల జరుపుతుంటే మేం చదువుతోందనే అనుకున్నాం. ఒకరోజు పుస్తకం తలకిందులుగా ఉందని చెల్లె చూసింది.

ఆ రోజుల్లోనే మామయ్య ఆమెకు తోబీతు కథ చెప్పాడు. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్‌గారు చెప్పగా తను ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు, పల్లెల్లో చెప్పడానికి. అట్ట ఊడిపోయిన రెండు వందల పేజీల పుస్తకం. దిక్కులేని శవాలను పాతిపెట్టే ధర్మాత్ముడు తోబీతు. కళ్ల మీద పిచ్చుక రెట్ట పడి తెల్లటి పొరలు కమ్మి చూపు పోతుంది. కొడుకును దూరదేశం పంపిస్తాడు. తోడుగా ఒక మనిషి దొరుకుతాడు. ఇంటి కుక్క కూడా వెంట నడుస్తుంది. దారిలో నదిలో పెద్ద చేప మీదికి వస్తే, దాని చేదుకట్టు దాచిపెట్టమంటాడు ఆ తోడు మనిషి. ఇంటికి వచ్చి అది తండ్రి కళ్లకు పూస్తే పొరలు ఊడి వస్తాయి. తోడు వచ్చింది రఫాయేలు దేవదూత అని చివరికి తెలుస్తుంది.

"మరి దేవదూతని ముందే ఎందుకు గుర్తుపట్టలే?" అంది నాయనమ్మ.

"వేరే పేరు చెప్పిండత్తా. అజర్యా అని చెప్పుకున్నడు."

నాయనమ్మ పుల్ల కింద పెట్టేసింది. "అజరయ్యా? మా బిషపు పేరా?"

"ఆ పేరే."

అంతే, ఆ కథ ఆమె సొంతమైపోయింది. మామయ్య వచ్చినప్పుడల్లా "గా కండ్ల కథ చెప్పు కొడుకా" అని అడిగేది. పెద్దబాపు ఎదురుగానే ఉండేవాడు. తన తల్లితో వాదించలేక, మామయ్యను ఆపలేక, లేచి వేపచెట్టు కిందికి పోయేవాడు.

ఆపరేషన్ రోజు ఖాయమైంది. అత్తమ్మే అంతా చూసుకుంది. ముందురోజు సాయంత్రం నాయనమ్మకు టెన్షన్. కత్తి అంటేనే భయం. "బామ్మర్దిని పిలువు, కండ్ల కథ వింట" అంది పెద్దబాపుతో. మామయ్య పరకాల వైపు పల్లెలకు పోయాడు, వచ్చేది రెండు రోజులకు. నోటుబుక్కు మాత్రం మా ఇంట్లోనే ఉంది. అమ్మ దాన్ని తెచ్చి, ఏమీ అనకుండా పెద్దబాపు ముందు పెట్టింది.

ఆయన కాసేపు దాన్ని చూశాడు. తర్వాత కళ్లద్దాలు సర్దుకుని మొదటి పేజీ నుంచి చదివాడు. చర్చిలో పాఠం చదివే గొంతు అది. గబగబా చదవలేదు, ఏదీ వదల్లేదు. మామయ్య రాతలో తప్పులున్న చోట కూడా దిద్దకుండా ఉన్నదున్నట్టే చదివాడు. అజర్యా పేరు వచ్చిన చోట నాయనమ్మ చెయ్యెత్తి తల మీద పెట్టుకుంది. ఆయన ఆగి, ఆ వాక్యం రెండోసారి చదివాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చారు. అవి పెట్టుకుని నాయనమ్మ మొట్టమొదట అడిగింది ఆ నోటుబుక్కునే. తిరగేసి చూసి, మామయ్యతో "గిదేం రాత కొడుకా, కోడి గెలికినట్టున్నది, మా పెద్దోడెట్ల సదివిండో" అంది. మామయ్యకు అప్పటిదాకా తెలియదు. అమ్మ వైపు చూశాడు, పెద్దబాపు వైపు చూశాడు.

"ఏం బావా, చదివినవా? అయితే ఇగ డెబ్భై మూడేనా?"

"చదివిన. మంచి కథ. మా అమ్మకు ధైర్యమొచ్చింది, దేవునికి స్తోత్రం," అన్నాడు పెద్దబాపు. "లెక్క మాత్రం అరవై ఆరే. సరే గని, చచ్చిపోయినోళ్ల కోసం ప్రార్థన చెయ్యాలని మీ మక్కబీయుల్ల ఎక్కడనో ఉన్నదంటివి గదా, ఎక్కడ?"

"రెండో పుస్తకం, పన్నెండో అధ్యాయం."

"అది గూడ రాసి పెట్టినవా? తియ్యి, చూద్దాం."